లెన్సుకు పెట్టిన బొట్టు

వాడని యంత్రమే ఉత్తమ యంత్రం! నమ్మరా? అయితే హోసూరు పారిశ్రామికవాడకు ఒకసారి దయచేయండి.

అక్కడ పంపుల విడిభాగాలు చేసే ఒక కంపెనీ 2007లో ఒక జంట యంత్రాన్ని కొన్నది. అందులో ఒక సగం, వెంట్రుకకంటే వేలరెట్లు సన్నని సూదిమొనతో లోహం మీది ఎత్తుపల్లాలను తడిమి చూస్తుంది. రెండో సగం లేజరు కాంతి వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి అక్కడున్న పదార్థమేమిటో చెబుతుంది. ఒకేచోట రూపమూ, గుణమూ! పెళ్లిచూపుల్లో కూడా ఇంత సమాచారం దొరకదు.

ఇంత గొప్పదాన్ని ఎవరైనా వాడి పాడుచేసుకుంటారా? మేనేజరు శ్రీనివాసప్ప దాన్ని ఏసీ గదిలో పెట్టి, పట్టుగుడ్డ కప్పి తాళం వేయించాడు. కస్టమర్లు వస్తే గుడ్డ తీసేవారు. వాళ్లు ఆహా అని, కాఫీ తాగి వెళ్లేవారు. ఆయుధపూజనాడు ఆయన కంప్రెసరుకూ, ఫోర్క్‌లిఫ్టుకూ పెట్టినట్టే దీనికీ గంధం, కుంకుమ పెట్టాడు. ఎక్కడ? సరిగ్గా లెన్సు అద్దం మీద! తుడవబోయిన ల్యాబ్ ఇంజనీరు ప్రతిభను, "వచ్చే పూజ దాకా చెరపగూడదమ్మా, అరిష్టం" అని ఆపాడు.

ఈ ప్రతిభకు నిజం తెలుసుకోవాలనే జబ్బు ఉంది. మరుసటి వేసవిలో పంపు పిన్నుల మీది కార్బన్ పూత పెచ్చులుగా ఊడసాగింది. పిన్నులు సరిగ్గా కడగలేదని అందరూ గుర్రప్ప మీద పడ్డారు. డెంకణికోట నుంచి బస్సులో వచ్చి, పదకొండేళ్లుగా ఆ పిన్నులను చంటిబిడ్డలకు నీళ్లు పోసినట్టు కడుగుతున్న మనిషి! ప్రతిభ అనుమానం మాత్రం పూతకు వాడే కొత్త గ్యాసు మీద. ఆ గ్యాసు తెప్పించింది శ్రీనివాసప్పే. అయినా మేనేజర్లను అనుమానించడం మర్యాదా?

"నేను బాగా కడిగినానా లేదా, ఆ మిషన్‌లో చూసి చెప్పమ్మా. నాకంతే చాలు" అన్నాడు గుర్రప్ప.

శ్రీనివాసప్ప భోజనానికి వెళ్లినప్పుడు, గది ఊడ్చే లక్ష్మక్కనడిగి ప్రతిభ తాళం తీయించింది. స్పిరిటుతో బొట్టు తుడిచేసింది. ఎంత అపచారం! గంటలో యంత్రం తేల్చేసింది. పూత ఊడిన చోట ఉక్కు శుభ్రంగానే ఉంది. కొత్త గ్యాసు నుంచి పూతలోకి చేరిన కార్బనే నాసిరకం.

శ్రీనివాసప్ప రిపోర్టు తిరగేసి, ఎంతో శాస్త్రీయంగా ఆలోచించాడు. "బొట్టు చెరిపేస్తివి కదమ్మా, మిషన్‌కి ఇంక బుద్ధి యాడుంటుంది?" అని కాగితాన్ని సొరుగులో పడేశాడు. గ్యాసు మారలేదు.

మర్నాడు పొద్దున గుర్రప్ప ఫోను చేశాడు. "మిషన్ ఏం చెప్పిందమ్మా?"

"మీ తప్పేం లేదని తేలిందప్పా."

"అట్లనా!" గొంతు నిండా సంతోషం. "అయితే గేటు కాడ వాచ్‌మన్‌కి ఆ మాట ఎవరన్నా చెప్పండమ్మా. లిస్టులో నా పేరు కొట్టేసినారంట, లోపలికి విడవడంలేదు."

ప్రతిభకు ఏడుపొచ్చింది. ఫోను పట్టుకునే గేటు వైపు నడిచింది.

కాబట్టి యజమానులారా, కొన్నదాన్ని వాడే తెలివితక్కువ పని మీరు చేయకండి. యంత్రాన్ని చూడమంటే అది నిజంగానే చూసేస్తుంది. ఆ తర్వాత చూడనట్టు ఉండే కష్టమంతా మనదే!