అరగంట పర్మిషన్

సోమవారం పొద్దున్న రాజకుమారి వేసుకున్న ప్లానంతా ఒక అరగంట గురించే. ఎనిమిదికి లైబ్రరీ తెరవాలి, పదకొండుకి మూయాలి, ఇంత తిని రెండింటికల్లా గాసి తాత కాఫీ తోటలోకి ఎక్కాలి. సోమ, గురువారాల్లో రెండున్నరకి మొదలయ్యే ఆన్‌లైన్ క్లాసు నాలుగున్నరకి అయిపోతుంది. సాయంత్రం లైబ్రరీ తెరవాల్సింది మాత్రం నాలుగింటికి. మధ్యలో తేడా పడుతున్న ఆ అరగంటకి ఆమె పదిహేను రోజుల కిందటే పై ఆఫీసుకి ఉత్తరం రాసి పర్మిషన్ అడిగింది. అడగకపోయినా పట్టించుకునే నాథుడు లేడు. అనంతగిరి మండలంలో బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే గాని రాని జీలుగుపుట్టుకి, ఆమె పనిలో చేరిన పదకొండేళ్ళలో వచ్చిన అధికారి ఒక్కడే. ఆయన కూడా జలపాతానికి వెళ్తూ దారి తప్పి వచ్చాడు. అయినా ఆమె అడిగింది. జరిగిన అనర్థమంతటికీ మూలం ఆ మంచి అలవాటే.

ఆ క్లాసు ఊరికే వచ్చింది కాదు. బీద దేశాల్లో పనిచేసే లైబ్రేరియన్లకి ఒక విదేశీ సంస్థ ఆన్‌లైన్‌లో శిక్షణ ఇస్తుందనీ, ఫీజు కట్టలేని వాళ్ళకి గ్రాంటు ఇస్తుందనీ ఆమె ఫోన్‌లో చూసింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు వారాలు కుస్తీ పట్టి దరఖాస్తు నింపింది. ఎంపికైంది. గ్రాంటంటే చేతికొచ్చేదేమీ లేదు, ఫీజు మాఫీ, అంతే. కానీ వాళ్ళు నేర్పేది సరిగ్గా ఆమెకి కావలసిందే. నెట్ లేని ఊళ్ళో చిన్న పెట్టె ఒకటి పెట్టి, గదిలో ఉన్న వాళ్ళందరి ఫోన్లలోకి పుస్తకాలు అందించే పద్ధతి. డీఎస్సీకి చదువుతున్న కనక లాంటి వాళ్ళు ఆరుగురు ఆ లైబ్రరీలో ఒక్క పుస్తకాన్ని వంతులేసుకుని చదువుతున్నారు. ఆ వంతుల బాధ తీరుతుందని రాజకుమారి ఆశ.

రెండింటికి తోటలోకి వెళ్ళేసరికి గాసి తాత టార్పాలిన్ పరిచి సిద్ధంగా ఉన్నాడు. ఆయనకి చదువు రాదు. అయినా రోజూ పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, రాజకుమారి చేత పేపరు మొత్తం చదివించుకుని, ప్రభుత్వాన్ని రెండు తిట్లు తిట్టి వెళ్తాడు.

"ఈ సిల్వరోకు సెట్టు మొదట్లో కూకో అమ్మీ. ఇక్కడే పోనుకి రెండు గీతలొత్తాయి. అటు జరిగినావంటే ఒకటే."

"నువ్వెలా కనిపెట్టేవు తాతా?"

"మా కోడలు ఆల అమ్మతో పోనులో పోట్లాడేది ఇక్కడే కదేటి."

క్లాసు మొదలైంది. అట్లాసులో తప్ప ఎక్కడా చూడని దేశాల మనుషులు చిన్న చిన్న గళ్ళలో కనిపించారు. టీచరు నవ్వుతూ, మీ లైబ్రరీ గురించి చెప్పమంది. రాజకుమారి బట్టీపట్టిన ఇంగ్లీషు వాక్యాలు నాలుగు. రెండోది సగంలో ఉండగా ఫోను మోగి, గళ్ళన్నీ మాయమయ్యాయి. చేసింది పై ఆఫీసు సూపరింటెండెంటు శివప్రసాద్ గారు.

"ఏమ్మా రాజకుమారీ, ఫారిన్ గ్రాంటు వచ్చిందటగా! నీ ఉత్తరం ఇప్పుడే చూశాను. ఆన్‌లైన్ శిక్షణా కేంద్రం ఎక్కడ పెడుతున్నావు?"

"కేంద్రం కాదండి సార్, శిక్షణ నాకేనండి. సాయంత్రం పూట ఒక్క అరగంట లేటుగా తెరుస్తానని..."

కొండ మీంచి మంచు దిగుతోంది. రెండు గీతలు ఒకటై, ఒకటి సున్నా అయింది. శివప్రసాద్ గారి చెవిన పడినవి మూడు ముక్కలు: కేంద్రం, శిక్షణ, సాయంత్రం.

"శభాష్!" అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆఫీసు నుంచి నెలనెలా పైకి వెళ్ళే రిపోర్టులో ‘విదేశీ సహకారంతో జరుగుతున్న కార్యక్రమాలు’ అనే గడి ఒకటుంది. అందులో పందొమ్మిదేళ్ళుగా ‘లేవు’ అని రాసి రాసి విసిగిపోయి ఉన్నాడు. ఆ సాయంత్రమే మొదటిసారిగా ఆ గడి నిండుగా నింపి పైకి పంపించాడు.

బుధవారం పొద్దున్న ఆయన స్వయంగా జీపులో దిగాడు.

"రేపు మధ్యాహ్నం పై అధికారి గారు వస్తున్నారు. ప్రారంభోత్సవం. శిలాఫలకం చెక్కిస్తున్నాం. కేంద్రం ఏదీ?"

"సార్, కేంద్రం లేదండి. నేను చదువుకోడానికండి గ్రాంటు. నా ఒక్కదానికి. ఫోన్‌లో."

ఈసారి సిగ్నలుతో పని లేదు, మాట సూటిగానే తగిలింది. శివప్రసాద్ గారు బెంచీ మీద కూలబడి, కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"ఉత్తరంలో రాసేనండి. ఫోన్‌లో చెప్పేనండి."

"ఇప్పుడు లేదంటే నా గతేం కాను? ఆయన టూరు ప్రోగ్రాం కూడా వేసేశారు." ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, రేపు ఒక్క రోజు ఉందనుకుందాం. ఎల్లుండి నుంచి నీ లైబ్రరీ నీదే. నీ అరగంట కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

అని నిజంగానే పెట్టాడు. పదకొండేళ్ళలో తను అడిగిన కాగితం మీద సంతకం పడటం రాజకుమారి చూడటం అదే మొదటిసారి. ఆ మొహమాటంలో తలూపింది. తరవాత చాలాకాలం ఆ తలూపును తలుచుకుని తనని తానే తిట్టుకుంది.

"ఇన్ని పుస్తకాలుంటే కేంద్రం ఎక్కడ కనబడుతుంది?" అని బీరువాలు బయటికి తీయించాడాయన. పుస్తకాలన్నీ బియ్యం సంచుల్లోకెక్కి, పక్కనున్న పాత జీడిపిక్కల గోడౌనులోకి వెళ్ళాయి. బడి నుంచి రెండు కంప్యూటర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదానికి లోపల ఏమీ లేదు. రెండోదానికి ఉన్నా, ఆ రెండు రోజులూ ఊళ్ళో కరెంటు లేదు.

గురువారం మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభై మంది ఆడవాళ్ళు ఆధార్ జెరాక్సులు పట్టుకుని దిగారు. కాఫీ పళ్ళు కోసే రోజులు. పూట కూలి వదులుకుని వచ్చారు. వాళ్ళ ముందు పొదుపు సంఘం లీడరు వరమ్మ.

"ఏటమ్మా, శిచ్చనంటే కుట్టు మిసన్లదేనా?"

"కాదు వరమ్మక్కా. ఎవరు చెప్పేరు?"

"రాజవొమ్మంగి నుంచి మా సెల్లెలు పోన్ సేసి సెప్పింది. ఇక్కడ ఫారినోల్లు మిసన్లిత్తన్నారట. మాకు తెల్లేదు గాని ఆలకి తెలిసిపోనాది. బేగి పేర్లు రాసుకో."

రాజకుమారి శివప్రసాద్ గారి వైపు చూసింది. "రాసుకో అమ్మా, జనం ఉంటే నిండుగా ఉంటుంది," అన్నాడాయన. రాసుకుంది.

అధికారి గారు మూడింటికి వచ్చారు. రిబ్బను కత్తిరించారు, ఫలకం మీద గుడ్డ తీశారు, నల్ల కంప్యూటరు తెర ముందు నిలబడి ఫోటో దిగారు. అంతా సజావుగా గడిచిపోయేదే. కానీ వెళ్ళబోతూ ఆయన, "మరి ఆన్‌లైన్ క్లాసు ఏదీ? చూద్దాం," అన్నారు.

అడిగిన దానికి జవాబు చెప్పడం మర్యాద అనుకునే గాసి తాత ఒక్కడే నోరు విప్పాడు.

"ఆన్‌లైన్ ఈడ నేదు బాబూ. నా తోటలో ఉంది."

అధికారి గారికి ఆ మాట బాగా నచ్చింది. "ప్రకృతి ఒడిలో శిక్షణ! పదండి," అన్నారు. బూట్లు జారుతుంటే వెనక నుంచి ఇద్దరు తోస్తూ, ముందు నుంచి ఒకరు లాగుతూ ఆయన్ని కొండెక్కించారు. వెనకాలే నలభై మంది, జెరాక్సులతో సహా. రాజకుమారి క్లాసు తెరిచేసరికి, తెర నిండా జనాన్ని చూసి అవతల టీచరు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. సోమవారం తప్పిపోయిన పాఠం మళ్ళీ చెప్పమని అడగాలని రాజకుమారి నోరు తెరిచింది. అప్పటికే ఫోను అధికారి గారి చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆయన ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు. ఇరవై ఆరో నిమిషంలో, ఈ రోజు డేటా అయిపోయిందని ఫోన్‌లో మెసేజి వచ్చి, అవతలి మనుషులు కదలకుండా బిగుసుకుపోయారు.

"చూశారా, ఎలా వింటున్నారో!" అని ఆయన ఇంకో పది నిమిషాలు మాట్లాడారు.

దిగేటప్పుడు వరమ్మ అడ్డంగా నిలబడింది. "బాబూ, మరి మిసన్లు?"

"అన్నీ వస్తాయమ్మా," అని ఆయన జీపెక్కారు.

ఆ శుక్రవారం వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన వదల్లేదు, గోడౌను తాళంచెవి జీపుతో పాటు వెళ్ళిపోయింది. సోమవారం గాసి తాత గునపంతో తాళం పగలగొట్టి చూస్తే పైకప్పు రేకు లేచిపోయి ఉంది. రాజకుమారి, కనక, తాత కలిసి కాఫీ ఎండబోసే కళ్ళంలో పుస్తకాలు పరిచారు. కనక డీఎస్సీ పుస్తకం తెరవబోతే పేజీలు రాలేదు, ముద్దలా ఊడి చేతికొచ్చింది. ఆ పిల్ల దాన్ని మళ్ళీ ఎండలోనే పెట్టి, చేతులు దులుపుకుని, కూలికి టైమవుతోందని వెళ్ళిపోయింది.

రాజకుమారి శివప్రసాద్ గారికి ఫోను చేసింది. "సార్, బీరువాలు లోపల పెట్టించేసుకుంటానండి."

"అప్పుడే వద్దమ్మా. పేపర్లో వచ్చేసింది."

ఆ ‘అప్పుడే’ నెల రోజులైంది. వారం వారం వరమ్మ మనుషులు వచ్చి మిషన్లు అడిగారు. మొదటి వారం మామూలుగా, రెండో వారం గట్టిగా. మూడో వారం, "మా మిసన్లు ఎవులికి అమ్ముకున్నావు?" అని అడిగారు. తనతో పాటు చర్చిలో ఒకే వరసలో కూర్చునే వాళ్ళే అలా అడిగేసరికి, ఆమె ఆదివారం వెళ్ళడం మానేసింది. ఎవరో పైకి అర్జీ పెట్టారు. విదేశాల నుంచి వచ్చిన గ్రాంటు ఏమైందో తేల్చమని విచారణ వేశారు.

"విచారణాధికారిగా నన్నే వేశారమ్మా, నువ్వేం భయపడకు," అన్నాడు శివప్రసాద్ గారు.

ఆయన నిజాయితీగానే విచారించాడు. గ్రాంటు సొమ్ము రాలేదనీ, రాజకుమారి తప్పేమీ లేదనీ మొదటి పేజీలో స్పష్టంగా రాశాడు. చిక్కంతా రెండో పేజీలో వచ్చింది. అధికారి గారి పేరుతో శిలాఫలకం ఉంది గనక శిక్షణా కేంద్రం లేదనడానికి వీల్లేదు. ఒకే గదిలో రెండు సంస్థలు ఉండటానికి రూల్సు ఒప్పుకోవు. కాబట్టి జీలుగుపుట్టులో లైబ్రరీ లేదు. దాన్ని మండల కేంద్రంలో ఉన్నదాంట్లో కలిపేశారు. అక్కడ లైబ్రేరియన్ ఉన్నాడు గనక అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే రాజకుమారి అవసరం కూడా లేకపోయింది.

రాజకుమారి ఆ ఉత్తర్వు వచ్చిన మధ్యాహ్నం కూడా కొండెక్కి క్లాసుకి కూర్చుంది. ఆ తరవాతి క్లాసులన్నిటికీ కూర్చుంది. ఇప్పుడు అరగంటే కాదు, రోజంతా ఖాళీయే. ఆఖరికి సర్టిఫికెట్ ఫోన్‌లోకి వచ్చిన రోజు గాసి తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి రాసుంది అమ్మీ ఇందల?"

"లైబ్రరీ బాగా నడపగలనని."

"మరి నైబ్రరీ ఏదే?"

ఆమె ఫోను లాక్కుని కొంగులో చుట్టేసుకుంది.

జనవరిలో ఆమె గాసి తాత కళ్ళంలో కాఫీ పళ్ళు ఏరుతూ ఉంటే జీపు వచ్చింది. శివప్రసాద్ గారు పళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా నడిచి వచ్చి, ఎదురుగా బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చాడేమో అనుకుంది. ఆ మాట వస్తే ఏమనాలో నెల రోజులుగా అనుకుంటున్నదంతా ఒక్కసారి గొంతు దాకా వచ్చింది.

ఆయన సంచిలోంచి కాగితాలు తీశాడు.

"ఆ ఫారిన్ వాళ్ళు రెండో విడత పిలిచారమ్మా. ప్రమోషన్‌కి పనికొస్తుందట. నువ్వు పాసైనదానివి కదా, కాస్త దరఖాస్తు నింపిపెట్టు. పేరూ ఊరూ అన్నీ రాసేశాను. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాను." కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "‘మీ ప్రాంతంలోని గ్రంథాలయాల కోసం మీరు స్వయంగా చేసిన ముఖ్యమైన పని ఏమిటి?’ దీనికేం రాయాలంటావు?"

రాజకుమారి చేతిలో ఉన్న పచ్చికాయ పక్కకి పడేసింది.

"మా లైబ్రరీ మూయించేరు కదండి సార్. అదే రాయండి."

గాసి తాత పని ఆపి చూశాడు. శివప్రసాద్ గారు పెన్ను చెంపకి ఆనించుకుని కొంచెంసేపు ఆలోచించాడు. ఆయన మొహంలో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. మంచి మాట అందించినందుకు మెచ్చుకుంటున్నట్టు తలాడించాడు.

"‘పునర్వ్యవస్థీకరించితిని’ అంటే ఇంకా బాగుంటుందమ్మా," అని రాసుకున్నాడు.

పన్నెండో రోజున ఆయనకి గ్రాంటు మంజూరైంది.