ఫానుకు బండి కందెన

పదిగంటలకు ఊరి సహకార సంఘం సమావేశం. అంతలోపల సంఘం హాల్లోని ఫాను కిర్రుమనడం మాన్పించి, మళ్ళీ అధ్యక్షుడిగా నిలబడాలని జయరామయ్య పొద్దున లేస్తూనే అనుకున్నాడు. తాను పదవిలోకి వచ్చిన ఈ మూడేళ్ళుగా ఆ ఫాను అరుస్తూనే ఉంది. "నా కాలంలో అది నోరెత్తలేదు," అని మాజీ అధ్యక్షుడు రంగనాయకులు ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

"బుచ్చిరెడ్డిపాలెం మేస్త్రీ జకరయ్యకు కబురు చేసినానయ్యా. బేరింగు మార్చాలంట," అన్నాడు సమాధానం అనే బంట్రోతు.

"ముప్పై ఏండ్లుగా బండి ఇరుసు కిర్రుమనకుండా చూసుకుంటుండా. దీనికి మేస్త్రీ ఎందుకు? నిచ్చెన పట్టుకో!"

"వద్దయ్యా, ఆయన్ని రానీండి."

జయరామయ్య వింటేగా! తన ఎద్దుల బండి కింద వేలాడే గొట్టంలోంచి కందెన తెచ్చాడు. ఆముదంలో గడ్డి మసి కలిపి నూరిన నల్లటి సరుకు. ఫాను అడుగు మూత విప్పి పిడికెడు కూరాడు. మీట నొక్కితే ఫాను చప్పుడు లేకుండా తిరిగింది. జయరామయ్య మీసం దువ్వుకున్నాడు.

సభ్యులంతా చలవ బట్టల్లో వచ్చారు. ఎన్నిక జరిపించడానికి నెల్లూరు నుంచి ఇనస్పెక్టరు కూడా వచ్చాడు.

"ఫాను బాగుందే! ఎవరు బాగుచేసినారు?" అన్నాడు ఆయన.

"నేనే సార్."

"అయితే ఇంకొంచెం వేగం పెంచండి."

సమాధానం రెగ్యులేటరు చివరిదాకా తిప్పాడు.

మొదటి నల్లచుక్క రంగనాయకులు భుజం మీద పడింది. వెనక కూర్చున్న సభ్యుడు ఆదెయ్య చేతిలో పెన్ను ఉంది.

"ఏందబ్బా, సిరా చల్లతుండావే?"

"నేనేడ చల్లినా? నా చొక్కా చూడు ముందు!"

పెన్ను ఉన్న ప్రతివాడూ దొంగయ్యాడు. జుబ్బాలు పట్టుకుని గుంజుకున్నారు. ఇంతలో ఇనస్పెక్టరు బట్టతల మీద కూడా రెండు చుక్కలు పడ్డాయి.

"ఇక్కడ సిరాబుడ్లు నింపేది ఎవరు?"

"ఈ సమాధానమే సార్. పనిలోంచి తీసేయండి," అన్నాడు రంగనాయకులు.

జయరామయ్య తలెత్తి ఫాను వైపు చూశాడు. నిజం చెబితే పదవి పోతుంది. సమాధానం అతనివైపు చూసి తల దించుకున్నాడు. వద్దన్న మనిషి, నిచ్చెన పట్టిన మనిషి, ఇప్పుడు తన నింద కూడా మోస్తున్నాడు. జయరామయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

"అది సిరా కాదు సార్," అన్నాడు లేచి. "బండి కందెన. పెట్టింది నేను. సమాధానం వద్దనే అన్నాడు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది రంగనాయకులు. "ఫానుకు కందెనా! ఎద్దుల్ని కూడా కట్టకపోయినావా?"

అప్పుడే కొత్త బేరింగుతో జకరయ్య బస్సు దిగి వచ్చాడు. ఫాను ఆపించి, సమాధానం పట్టుకున్న నిచ్చెనెక్కి గోకడం మొదలుపెట్టాడు. నల్లటి జిగురు కింద రాయిలా గట్టిపడిన ముద్ద ఒకటి ఊడింది.

"ఇది ఇప్పటిది కాదే! నాలుగేండ్ల కింద ఎవరో ఇదే కందెన పెట్టినారు. కొంచెమే పెట్టినారు గాబట్టి చిందలేదు. అది గట్టిపడే ఫాను అరస్తా ఉండాది."

రంగనాయకులు నవ్వు ఆగిపోయింది. హాలంతా ఆనాటి అధ్యక్షుడి వైపు తిరిగింది. అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. జయరామయ్యకు మాత్రం నవ్వే ముఖం లేదు. వెళ్ళి జకరయ్య నిచ్చెన పట్టుకున్నాడు. "నువ్వు కూర్చో సమాధానం," అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

ఎన్నిక వాయిదా పడింది. ఆ రోజు ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఒక్కటే: అధ్యక్షుడు ఎవరైనా సరే, నిచ్చెన ఎక్కరాదు.