నాలుగు గిట్టలకు నాలుగు డబ్బాలు

ముసురు పట్టిన చలికాలంలో గుర్రబ్బండి నడిపేవాడికి రెండు బాధలు. ఒకటి, గుర్రం గిట్టలు నానిపోవడం. రెండోది, ఆ సంగతి భార్య ముందుగా కనిపెట్టడం.

మన బండివాడికి రెండూ ఒకే పొద్దున వచ్చిపడ్డాయి.

"రాణి గిట్ట అడుగున వేలు పెడితే దిగబడుతోంది. వాసన కూడానూ," అంది భార్య. "ఆదివారం బాబాయి లాడాలు కొట్టడానికొస్తాడు. మెత్తటి గిట్టకు మేకు నిలవదు. నిలవకపోతే ఈ చలికాలానికి రాణిని మా తమ్ముడి దగ్గరికి పంపేద్దాం. వాడి కొట్టం పొడిగా ఉంటుంది."

బావమరిది ఇంటికి వెళ్ళిన వస్తువేదీ ఇంతవరకు తిరిగి రాలేదు. పోయినేడు వెళ్ళిన గొడుగు ఇప్పుడు ఇతన్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"రోజూ పొద్దున్నే గిట్టలెత్తి, బురద గీకి, గోనెసంచితో పొడిగా తుడవండి. కింద పొడి గడ్డి వెయ్యండి."

"వంగాలా?"

"గిట్టలు కిందే ఉంటాయి మరి."

అతను ఆఖరుసారి వంగింది పెళ్ళిలో. అదీ ఎవరో మెడ పట్టుకుని వంచితేనే.

అందుకని తిన్నగా పశువుల మందుల కొట్టుకు వెళ్ళాడు.

"వంగకుండా గిట్టలకు రాసే మందుందా?"

"పొడుగు కర్ర కుంచె కూడా ఇస్తాను," అని కొట్టువాడు నాలుగు డబ్బాలు పేర్చాడు. నల్ల తారు, తెల్ల లేపనం, పచ్చ నూనె, నీలం మందు.

"ఇందులో ఏది మంచిది?"

"మీరు కొనేది."

నాలుగూ కొన్నాడు. రాణికి దేవుడు నాలుగు కాళ్ళిచ్చింది ఈ పరీక్ష కోసమేనని అప్పుడు తోచింది. కాలికొక మందు. ఏ గిట్ట గట్టిపడితే ఆ మందే ఖాయం. మర్చిపోకుండా కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు: తలుపు వైపు ముందుకాలు నల్లది, గోడ వైపు ముందుకాలు తెల్లది, తలుపు వైపు వెనక్కాలు పచ్చది, మిగిలినదానికి నీలం.

సాయంత్రం నిటారుగా నిలబడి కుంచెతో పూశాడు. మర్నాడు ఎండ మొహాన పడ్డాక లేచి చూస్తే గిట్టల మీద చుక్క రంగు లేదు.

"చూశావా, మందంతా లోపలికి ఇంకిపోయింది."

"ఇంకే ఉంటుంది," అంది భార్య గోనెసంచి ఆరేస్తూ.

రోజూ పూయడం, రోజూ ఇంకడం. గురువారానికి ఆ గోనెసంచి ఆసరా లేకుండా గుమ్మం పక్కన తనంతట తాను నిలబడింది. బండివాడు ఎవరో వచ్చారనుకుని కూర్చోమన్నాడు.

శుక్రవారం అతను ఎత్తిన కుంచె ఎత్తినట్టే ఆపేశాడు. తలుపు వైపు ఉండాల్సిన తెల్లమచ్చ కాలు గోడ వైపు ఉంది. రాణి తలా తోకా మారి నిలబడింది. ఎప్పుడు తిరిగింది? ఎన్నిసార్లు తిరిగింది? ఏ కాలు ఏ మందు తాగిందో ఆ బ్రహ్మకే తెలియాలి. ఎవరితోనూ అనలేదు. గోడ మీది రాత మాత్రం చెరిపేశాడు.

ఆదివారం బాబాయి వచ్చి, గిట్ట ఎత్తి, సుత్తితో కొట్టాడు. టంగుమంది.

"రాయిలా ఉంది. ఎవరు చూసుకున్నారు అల్లుడూ?"

"ఇంకెవరు మామయ్యా. రోజూ పొద్దున్నే లేచి..."

"గిట్టలెత్తి, గీకి, తుడిచి," అందించింది భార్య.

"తుడిచి," అన్నాడు, ఇక వెనక్కి తగ్గే దారిలేక.

"చలికాలమంతా ఇలాగే చేస్తారట బాబాయ్. నువ్వే సాక్షివి."

"మంచిదే. మందేం వాడావు?"

"నల్లది."

"ఏ కాలికి?" అంది భార్య.

బండివాడు రాణి వైపు చూశాడు. రాణి ఎటో చూసింది.

"మీరు నిద్రలో ఉండగా దాన్ని రోజూ వాకిట్లోకి తెచ్చి, మీరు పూసిందంతా గీకి, తుడిచి, మళ్ళీ కట్టేశాను. అది ఎటు తిరిగి నిలబడితే అటే కట్టాను. మీ గోడ సంగతి నాకేం తెలుసు?"

"అయితే అంత మందూ దేనికీ పట్టలేదా?"

"ఎందుకు పట్టలేదు," అని గుమ్మం పక్కన నిలబడ్డ సంచిని చూపించింది.

బాబాయి సుత్తితో దాన్నీ కొట్టాడు. అదీ టంగుమంది.

"దీనిక్కూడా లాడం కొట్టొచ్చు అల్లుడూ," అన్నాడు.

సోమవారం తెల్లవారేసరికి బండివాడు కొట్టంలో కొత్త గోనెసంచి పట్టుకుని వంగి ఉన్నాడు. ఈసారి మెడ మీద ఎవరి చెయ్యీ లేదు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది, అంతే.