కారుమబ్బు నవ్వడు

ఆ సోమవారం పొద్దున దామోదరం అనుకున్నవి నాలుగే పనులు. ఉప్మా తినాలి. మొదటి బస్సుకు కార్వేటినగరం పోవాలి. సినిమా డైరెక్టరును నిలదీయాలి. పన్నెండింటికల్లా పుత్తూరు తిరిగొచ్చి రిజిస్ట్రారాఫీసు ముందు తన బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి పనే సరిగా జరగలేదు.

"ఇది ఉప్మానా, గోడకు పూసేదా?" అన్నాడు పళ్లెం వైపు చూసి.

"గోడైతే నోరు మూసుకోనుంటాది. తిను," అంది అతని భార్య వసంతమ్మ. పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఇలాంటి మాటలకు ఆమె తల కూడా ఎత్తడం మానేసింది.

దామోదరం దస్తావేజు లేఖరి. అతను రాసిన పత్రంలో సూది దూరే సందు కూడా ఉండదని తాలూకా అంతా పేరు. ఆఫీసు లేని వేళల్లో నవలలు రాస్తాడు. పద్నాలుగు రాశాడు. అన్నింటిలోనూ కథానాయకుడు ఒక్కడే, కారుమబ్బు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, కళ్లు తప్ప ముఖమంతా కప్పే నల్ల ముసుగు. దుర్మార్గులు వాడి నీడను చూసి పారిపోతారు. భార్యను చంపినవాడు దొరికేదాకా నవ్వనని మొదటి నవలలోనే ఒట్టు వేసుకున్నాడు. పద్నాలుగు నవలలైనా హంతకుడు దొరకలేదు. దొరికితే పదిహేనో నవల ఉండదు. కాబట్టి దొరకడు, వీడు నవ్వడు.

ఇప్పుడు మద్రాసు కంపెనీ ఒకటి ఆ కథను సినిమాగా తీస్తోంది. కార్వేటినగరం పాత ప్యాలెస్‌లో షూటింగు. అక్కడికి టిఫిన్లు పంపే కాఫీ హోటలు చెంగయ్య నిన్న ఒక కబురు మోసుకొచ్చాడు.

"బా, నీ కారుమబ్బు సినిమాలో జోకులేస్తాడంట. డైరెక్టరే చెప్పినాడు."

హోటల్లో ఉన్నవాళ్లందరూ దామోదరం ముఖం చూశారు. అతను గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అందరూ ఇనండి. సినిమాలో కారుమబ్బు ఒక్క జోకేసినా సరే, ఈ జన్మలో నవల రాయను."

ఆ మాట అన్నది నలభై మంది ముందు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

ప్యాలెస్ దగ్గర డైరెక్టరు కుప్పుస్వామి మెడలో తడి తువ్వాలుతో కుర్చీలో కూలబడి ఉన్నాడు. తొమ్మిదింటికే ఎండ మండుతోంది. దామోదరం నమస్కారం కూడా పెట్టలేదు.

"పెండ్లాం సచ్చినోడు జోకులేస్తాడా?"

"సచ్చి పద్నాలుగు నవలలైంది గదప్పా," అన్నాడు కుప్పుస్వామి. "ఎంతకాలమని ఏడిపిస్తావు వాణ్ణి? నల్ల గుడ్డలేసుకోని, నోరిప్పకుండా మూడు గంటలు తిరిగితే జనాలు యాడ కూసుంటారు? బీడీ తాగను పోతారు, మళ్లీ రారు."

"వాడు నవ్వితే దొంగలు బయపడరు."

"దొంగల్ని మేం కూలికి తెచ్చినాం. బయపడమంటే బయపడతారు. టిక్కెట్టు కొనేవాడి మాట చెప్పు." గోడ మీదికి చూసి కేకేశాడు. "జయరామ్, సార్‌కు ఆ జోకు ఒకసారి చెప్పప్పా!"

కారుమబ్బు వేషం వేస్తున్న జయరామ్ ఒకటిన్నర నిలువు ఎత్తున్న మొండిగోడ మీద దూకడానికి సిద్ధంగా ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టి జోకు చెప్పాడు. కింద ఎవరూ నవ్వలేదు. తానే నవ్వాడు. ఆ నవ్వుకు కాలు తప్పి అవతల పక్క పడ్డాడు.

మోచెయ్యి పక్కకు తిరిగిపోయింది. మద్రాసు ఆసుపత్రికి తీసుకుపోదామని కంపెనీ వాళ్లు కంగారుపడుతుంటే లైట్లు మోసే కూలీలు వాళ్లను వింతగా చూశారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరును అంత దగ్గర పెట్టుకుని విరిగిన చేతిని మద్రాసు మోసేవాళ్లను ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. జయరామ్‌ను వ్యానులో పడేసి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. భుజం నుంచి మణికట్టు దాకా ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, పైన తెల్ల గుడ్డ. ఇరవైయొక్క రోజులు విప్పకూడదు. చెయ్యి రెండింతలైంది. నల్ల చొక్కా ఎక్కదు. గుడ్డు వాసనకు ఊరి పిల్లులు రెండు వెంటబడ్డాయి.

"రేపు సాయంత్రానికి ప్యాలెస్ కాళీ చెయ్యవల్ల," అని కుప్పుస్వామి తలపట్టుకున్నాడు. కాసేపటికి తల ఎత్తాడు. "ఒక పని చేద్దాం. కట్టుతోనే తిప్పుదాం. చేతికేమైందిరా అని దొంగ అడగతాడు. పుత్తూర్లో గుడ్లు చవకరా అంటాడు ఈయన. జనాలు పడి పడి నవ్వతారు."

దామోదరానికి కళ్ల ముందు పద్నాలుగు నవలలూ వరసగా కాలిపోతున్నట్టు అనిపించింది. కారుమబ్బుకు పుత్తూరు కట్టు. వెనక రెండు పిల్లులు.

"ముసుగులో మొగం కనపడదు గదా," అన్నాడు. "నేనేస్తా వేషం."

కుప్పుస్వామి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. జయరామ్ అంత ఎత్తే. నడకలో కోపం కూడా ఉంది. "వెయ్యి సామీ," అన్నాడు.

"ఒక షరతు మీద."

సంచిలో స్టాంపు కాగితం ఎప్పుడూ ఉంటుంది. రాతిమెట్టు మీద కూర్చుని అక్కడికక్కడే రాశాడు. 'సదరు చిత్రమందు కారుమబ్బు పాత్ర, దామోదరం స్వయముగా తన నోట పలికిన మాటలు తప్ప, అన్యులు రాసినవి గాని, అన్యుల గొంతున పలికినవి గాని, ఒక్క మాటైనను పలకరాదని ఉభయులమూ సమ్మతించి రాసుకొన్న ఒడంబడిక.' రెండుసార్లు చదువుకున్నాడు. సందు లేదు. కుప్పుస్వామి చదవకుండానే సంతకం పెట్టాడు. దామోదరం రెండో ప్రతి కూడా రాసి అతని చేతిలో పెట్టాడు. అది వృత్తి ధర్మం.

ఆ మధ్యాహ్నమూ మరునాడూ దామోదరం కారుమబ్బు అయ్యాడు. తన నవలల్లోంచి గంభీరమైన మాటలు ఏరి ఒక్కొక్కటే రాయిలా విసిరాడు. "చీకటికి సాక్షులుండరు." "న్యాయం ఆలస్యంగా వస్తుంది, కానీ నల్ల గుడ్డల్లో వస్తుంది." కెమెరా ఆగినప్పుడు మాత్రం మామూలు దామోదరమే. ముసుగు తీస్తే కట్టడానికి అరగంట పడుతోంది కాబట్టి తియ్యనివ్వలేదు. లోపల ఉడికిపోతూ గొణుగుతూనే ఉన్నాడు.

చెంగయ్య హోటలు నుంచి టిఫిన్ వచ్చింది. ముసుగు కింది నుంచి ఒక ముద్ద నోట్లోకి తోసుకున్నాడు. "ఈ ఉప్మా తిన్నోడికి సావంటే బయముండదు."

కాఫీ ఇచ్చారు. "ఇది కాఫీనా, గలాసు కడిగిన నీళ్లా?"

దొంగ వేషగాడు తన మాట మూడుసార్లు మర్చిపోయాడు. "నీకు బుద్ధుండాదా? ఉంటే యాడ దాచిపెట్టినావు?"

నల్ల గుడ్డలు చూసి అయ్యప్ప మాల వేసుకున్నాడనుకుని ఊరి ముసలమ్మ ఒకామె వచ్చి కాళ్ల మీద పడింది. "నేను సామిని గాదమ్మా. దస్తావేజులు రాసేవాణ్ణి. లెయ్," అన్నాడు.

పక్కనే సౌండు శాంతయ్య చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేపు ముందు కూర్చుని ఉన్నాడు. "కెమెరా ఆగినా నీ డబ్బా తిరగతానే ఉండాదేంది?" అని అడిగాడు దామోదరం.

"గుర్తు కోసం సార్," అన్నాడు శాంతయ్య. అది అబద్ధం కాదు.

మూడు నెలలకు సినిమా పుత్తూరు వచ్చింది. మొదటి మ్యాట్నీకి రిజిస్ట్రారాఫీసు వరండా మొత్తం వచ్చింది. చెంగయ్య హోటలు మూసేసి వచ్చాడు. వసంతమ్మ పట్టుచీర కట్టుకుంది. ముసుగు వెనక ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు. దామోదరం ఛాతీ ముందుకు పెట్టి కూర్చున్నాడు.

తెర మీద కారుమబ్బు గోడ చాటు నుంచి వచ్చాడు. దొంగ పిస్తోలు గురిపెట్టి, "చావడానికి సిద్ధమేనా?" అన్నాడు. కారుమబ్బు కళ్లు మెరిశాయి.

"ఈ ఉప్మా తిన్నోడికి సావంటే బయముండదు."

నవ్వులకు హాలు కప్పు ఎగిరిపోయింది. దామోదరం వెనక్కి తిరిగి చూశాడు, ఆ మాట అన్నది ఎవరా అని. గొంతు తనదే. మనిషీ తనే. కానీ ఆ పిస్తోలుకు తాను చెప్పింది చీకటికి సాక్షులుండరని. గట్టిగా గుర్తుంది. ముసుగులో పెదవులు కనపడవు. ఏ మాటైనా అతుకుతుంది.

దొంగల నాయకుడు విషం కలిపిన గ్లాసు అందించాడు. "ఇది కాఫీనా, గలాసు కడిగిన నీళ్లా?" నిధి ఎక్కడుందో చెప్పనని మొండికేశాడు. "నీకు బుద్ధుండాదా? ఉంటే యాడ దాచిపెట్టినావు?" చివర్లో చెర విడిచిన రాజకుమారి కాళ్ల మీద పడి, "ఓ ముసుగు వీరా, ఇంతకీ నీవెవరు?" అని ఏడ్చింది. పద్నాలుగు నవలల్లో ఎవరికీ చెప్పని రహస్యం అది.

"నేను సామిని గాదమ్మా. దస్తావేజులు రాసేవాణ్ణి. లెయ్."

పుత్తూరు జనం కుర్చీల మీదికి ఎక్కారు. రిజిస్ట్రారు గుమాస్తా ఊపిరాడక బయటికి పోయాడు.

జనం నవ్వు వినడానికి వచ్చిన కుప్పుస్వామి గేటు దగ్గర దొరికాడు. దామోదరం అతని చొక్కా పట్టుకున్నాడు. "జోకులేసినావు! కాగితం మీద సంతకం పెట్టి జోకులేసినావు!"

కుప్పుస్వామి తాపీగా జేబులోంచి రెండో ప్రతి తీశాడు. "సదువుకో సామీ. ఒక్క మాటన్నా నాది ఉంటే చెప్పు. ఒక్క గొంతన్నా ఇంకోరిది ఉంటే చెప్పు."

దామోదరం చదివాడు. మళ్లీ చదివాడు. తన దస్తూరీ. తన నోటి మాటలే వాడాలని ఉంది. అవి ఏ మాటలో రాయలేదు. ఏ పూట అన్నవో లేదు. సందు లేదు. బయటికి పోవడానికి తనకే దారి లేదు.

"అయితే ఇంక నవల్లు రాయవా బా?" అన్నాడు చెంగయ్య కళ్లు తుడుచుకుంటూ. "నలబై మంది ముందర ఒట్టేసినావు."

"నేను జోకెయ్యలేదు. కోప్పడినా."

"మరి మేం నవ్వినాం గదా?"

"అది మీ తప్పు."

చెంగయ్య ఆలోచించాడు. ఒట్టు నిలిచిందో పోయిందో అతనికి తేలలేదు. చుట్టూ ఉన్నవాళ్లు రెండు పక్షాలై వాదులాట మొదలుపెట్టారు. దామోదరం ఇంటి దారి పట్టాడు. వసంతమ్మ పక్కనే నడుస్తోంది. హాలంతా పొర్లి పొర్లి నవ్వుతుంటే ఈమె ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చోవడం అతను చూశాడు. తన పక్షాన ఒక మనిషైనా ఉంది.

"నువ్వొక్కదానివే నవ్వలేదు," అన్నాడు.

"ఇరవై ఏండ్లుగా ఇంట్లో వింటా ఉండేవే గదయ్యా," అంది వసంతమ్మ. "ఆడ రాని నవ్వు ఈడ మాత్రం ఎట్లొస్తాది?"

మరునాడు పొద్దున ఉప్మా పెట్టింది. దామోదరం పళ్లెం వైపు చూసి, నోరు తెరిచి, మూసి, తినేసి లేచాడు.