ఆకలి స్లాటు

మనిషికి దేవుడిచ్చిన స్వేచ్ఛల్లో ఆకలి చివరిది. హర్షవనం థీమ్ పార్కు యాజమాన్యం దాన్ని కూడా ఒక పద్ధతిలో పెట్టింది. అక్కడ ఎవరికి పడితే వాళ్లకు, ఎప్పుడు పడితే అప్పుడు ఆకలి వేయడానికి వీల్లేదు. ముందుగా ఫోనులో నమోదు చేసుకోవాలి.

కరీంనగర్‌లో ఒక సహకార బ్యాంకు మేనేజరుగా ఉన్న ఫిలిప్‌కు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. ఎక్కడైనా నిబంధనల బోర్డు కనబడితే ఫిలిప్ ఆగి చదువుతాడు. అర్థం కాకపోతే ఇంకా గౌరవంగా మళ్లీ చదువుతాడు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదినీ హైదరాబాదు శివార్లలోని హర్షవనానికి తీసుకుపోవాలని అనుకోగానే, భోజనాల సంగతి తేల్చడానికి ఇంట్లో సమావేశం పిలిచాడు. బడిపంతులమ్మ అయిన భార్య ఆరాధన, ఇంటర్ చదివే కూతురు స్తుతి, ఉట్నూర్ నుంచి వచ్చి ఉన్న తల్లి లచ్చవ్వ హాజరయ్యారు. (లచ్చవ్వ వెల్లుల్లి ఒలుస్తూ హాజరైంది. దాన్ని సగం హాజరుగా లెక్కించారు.)

"బయటి తిండి లోపలికి రానియ్యరట. మనం ఏం పట్టుకపోవద్దు. అక్కడ్నే తిందాం," అన్నాడు ఫిలిప్.

"ఇంట్ల వండింది బయటి తిండి ఎట్లయితది కొడుకా?" అని అడిగింది లచ్చవ్వ.

పార్కువాళ్లు తమ ప్రహరీకి ఇవతల ఉన్నదంతా బయటే అన్నారనీ, ఆ లెక్కన మన వంటిల్లు కూడా బయటేననీ ఫిలిప్ ఓపికగా వివరించాడు.

"గట్లనా," అని లచ్చవ్వ మిగతా వెల్లుల్లి ఒలిచింది.

స్తుతి ఫోనులో పార్కు యాప్ తెరిచింది. "డాడీ, మధ్యాహ్నం ఆకలి అయిపోయింది. పొద్దుగాల పదకొండింటి ఆకలి ఉంది, సాయంత్రం ఆకలి ఉంది. ఏది పెట్టాలె?"

ఫిలిప్ ఆలోచించి పొద్దుటి ఆకలి తీసుకున్నాడు. వెంటనే జవాబు వచ్చింది: 'మీ ఆకలి నిర్ధారించబడింది. నిర్ధారించబడిన ఆకలి రద్దు చేయబడదు.' ఇంత బాధ్యతగా తన ఆకలిని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదని ఫిలిప్‌కు అనిపించింది.

పార్కు గేటు దగ్గర సంచుల తనిఖీ జరిగింది. ఛాతీ మీద 'బయటి ఆహార నియంత్రణాధికారి' అని రాసి ఉన్న దశరథం అనే మనిషి లచ్చవ్వ సంచిలో చెయ్యి పెట్టి తెల్లగుడ్డ మూట ఒకటి తీశాడు. విప్పితే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, డబ్బాలో ఎండు మాంసం తునకల కూర. ఫిలిప్ ముఖం పాలిపోయింది.

"అవ్వా, వద్దని చెప్పిన గదా."

"నువ్వు మనకు వద్దన్నవ్. నాకు షుగరున్నది. షుగరున్నోళ్లకు వద్దనలే."

దశరథం నిబంధనల బోర్డు వైపు తిరిగాడు. నిజమే. పదకొండో నిబంధన ప్రకారం రోగులు తమ తిండి తాము తెచ్చుకోవచ్చు. అయితే దాన్ని రోగుల భోజనశాలలోనే తినాలి. రోగే తినాలి. ఆ తిండి రోగి నోట్లోకే పోయిందని ఒక అధికారి ఎదురుగా కూర్చుని చూడాలి. లచ్చవ్వ డాక్టరు చీటీ, గోలీలు చూపించింది. దశరథం ఆమె మణికట్టుకు ఆకుపచ్చ రిబ్బను కట్టి, చెయ్యి పట్టుకుని మర్యాదగా లోపలికి తీసుకుపోయాడు. రిబ్బను లేనివాళ్లు మామూలు దారిలో పోయారు.

పదకొండు గంటలకు ఫిలిప్, ఆరాధన, స్తుతి ఒక పెద్ద ఉయ్యాలలో తలకిందులుగా వేలాడుతున్నారు. దిగి ఫోను చూస్తే 'మీ ఆకలి గడువు ముగిసింది' అని ఉంది. తలకిందులుగా ఉన్న సమయాన్ని మినహాయిస్తారేమోనని ఫిలిప్ సహాయ కేంద్రంలో అడిగాడు. మినహాయించరని తెలిసింది. (ఆకలికి దిక్కులతో సంబంధం లేదని అక్కడి అమ్మాయి చెప్పింది. అది న్యాయమైన మాటే.) వాళ్లను వెయిటింగ్ లిస్టులో పెట్టారు.

మధ్యాహ్నం దాటింది. పెద్ద భోజనశాల ముందు జనం నేల మీద కూలబడ్డారు. తల్లి ఎట్లా ఉందో చూద్దామని ఫిలిప్ రోగుల భోజనశాల వైపు నడిచాడు. అది ఏసీ ఉన్న అద్దాల గది. లోపల సోఫాలు, తెల్లటి బల్లగుడ్డ, చల్లటి నీళ్ల కూజా. తలుపు సందులోంచి వెల్లుల్లి కారం వాసనా, లచ్చవ్వ గొంతూ కలిసి బయటికి వస్తున్నాయి.

ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "ప్రభువా, గీ రొట్టెను దీవించు. గీ పార్కు పెట్టినోళ్లను దీవించు. నా కొడుక్కు జర ఓపికియ్యి." ఎదురుగా దశరథం టోపీ తీసి తల వంచుకున్నాడు. ఆమేన్ అనగానే లచ్చవ్వ రొట్టె తుంచి అతని ముందు పెట్టింది.

"నేను సాక్షిని అవ్వా. తినొద్దు."

"ఎదురుంగ మనిషి ఉత్తగ కూసుంటే నాకు ముద్ద దిగది. నువ్వు తినకుంటే నేను తిన."

దశరథం చిక్కులో పడ్డాడు. రోగి తినకపోతే రోగి ప్రాణానికి ముప్పు. ముప్పు వస్తే బాధ్యత సాక్షిది. కాబట్టి అతను విధినిర్వహణలో భాగంగా తిన్నాడు. రెండో ముక్కకు కొంచెం ఆగి, "మాది ఉట్నూర్ పక్కన జైనూర్ అవ్వా. గిసోంటి రొట్టె తినక శాన రోజులాయె," అన్నాడు. లచ్చవ్వ కూర డబ్బా అతని వైపు జరిపింది.

ఫిలిప్ తలుపు తట్టాడు. దశరథం మూతి తుడుచుకుని వచ్చాడు.

"పేషెంట్లకే సార్."

"నేను ఆమె కొడుకును."

"కొడుకులకు రూల్ లేదు సార్. షుగరుంటే చెప్పుండ్రి."

"మరి మీరు తింటున్నరు గదా?"

"నేను డ్యూటీల ఉన్న సార్."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే ఫిలిప్‌ను ఎక్కువ బాధపెట్టింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే పొయ్యి పక్కన కూర్చుని, పెనం మీది నుంచి దిగిన రొట్టెను వేళ్లు కాలుతుండగా తిన్న మనిషి అతను. ఇప్పుడు ఆ రొట్టెకూ తనకూ మధ్య ఒక అద్దమూ, మంచి ఆరోగ్యమూ అడ్డం ఉన్నాయి.

అతను ప్రథమ చికిత్స గదికి నడిచాడు. అక్కడ మంజుల అనే నర్సు వేలు పొడిచి, మిషను చూసి, నెమ్మదిగా చెప్పింది.

"సారీ సార్. నార్మలే వచ్చింది."

"మళ్లొకసారి చూడరాదమ్మా."

"పరేషాన్ గాకండి సార్. కొందరికి పొద్దుగూకే వరకన్నా వస్తది," అని ఆమె ధైర్యం చెప్పింది.

ఎండ వాలుతుండగా వాళ్ల ఆకలి మళ్లీ నిర్ధారణ అయింది. పార్కులో విడిగా ఏదీ అమ్మరు, అన్నీ కాంబోలే. తియ్యటి ఎర్ర సాస్‌లో మునిగిన నూడుల్స్, బకెట్టంత కూల్‌డ్రింకు, గులాబ్‌జాములు. వదిలేస్తే ఆహార వృథా కింద జరిమానా. ఆరాధన తన గులాబ్‌జాములు భర్త ప్లేటులోకి జరిపింది. స్తుతి కూడా జరిపింది.

"మీకు రూల్స్ ఇష్టం గదా, తినుండ్రి," అంది ఆరాధన.

ఫిలిప్ తిన్నాడు. కూల్‌డ్రింకులు మూడూ తాగాడు. కాసేపటికి దాహం వేసింది, తల బరువెక్కింది. అతనిలో ఒక ఆశ పుట్టింది. లేచి మంజుల దగ్గరికి పోయాడు. ఆమె మిషను చూసి, ముఖం వెలిగిపోగా, దాన్ని అతని వైపు తిప్పి చూపించింది.

"ఒక్కసారి ఎక్కువొచ్చిందని షుగరు అనలేం సార్. రేపు పరిగడుపున మీ ఊర్ల మళ్ల చూపించుకోండి. కానీ మా రూల్ ప్రకారం ఇయ్యాల్టికి మీరు పేషెంటే."

ఆకుపచ్చ రిబ్బనుతో ఫిలిప్ అద్దాల గదిలో అడుగుపెట్టాడు. దశరథం లేచి కుర్చీ జరిపాడు. "ఇందాక మీరు మా తిండి తినకుంటనే వచ్చిండ్రు సార్. గందుకే నార్మల్ వచ్చింది," అని వివరించాడు.

"వచ్చినవా బిడ్డా," అని లచ్చవ్వ తెల్లగుడ్డ విప్పి, అతని కోసం దాచిన రొట్టె తుంచి కారం అద్దింది. ఒక రోగి తిండి ఇంకో రోగి తినవచ్చునా అన్న సంగతి బోర్డు మీద తప్పకుండా ఉండే ఉంటుంది. ఫిలిప్ జీవితంలో మొదటిసారి బోర్డు చదవలేదు. నాలుక మీద జొన్నరొట్టె పడగానే పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన భుజాలు వదులయ్యాయి. కడుపులో చోటు లేదు. అయినా తిన్నాడు.

అద్దానికి అవతల ఆరాధన, స్తుతి నుదుళ్లు ఆనించి చూస్తున్నారు. మూటలో ఇంకా రెండు రొట్టెలున్నాయి. ఫిలిప్ చెయ్యి తుడుచుకుని భార్యకు ఫోను చేశాడు.

"ఆరాధనా, నువ్వు, స్తుతి చెరొక కాంబో తీసుకోండి. స్వీటు మాత్రం ఇడిసిపెట్టకుండ్రి."