సాంబారు బకెట్ మీద గుడ్లగూబ

1979 మే నెలలో ఒక గురువారం సుందర్ రావు ఆఫీసుకు సెలవు పెట్టి, హైదరాబాదు నుంచి వచ్చే ఒక పెద్దాయనను తీసుకురావడానికి కాజీపేట స్టేషనుకు బయలుదేరాడు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. పుస్తకం అట్ట లోపల, ఇది ఫలానావారిదని అంటించుకునే బొమ్మ చీటీలు గీసి అచ్చువేయించడం, ఒకరివి ఒకరు మార్చుకుని దాచుకోవడం. సుందర్ రావు చీటీలో కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ, దాని కింద ‘ఈ పుస్తకం సుందర్ రావుది’. అచ్చు చెక్క పగిలిపోయింది. ఇక మిగిలినవి టేబుల్ మీది కట్టలోనివే.

“అమ్మా, ఇవి ఆయనకియ్యాలె, జర పైలం” అని చెప్పి వెళ్లాడు.

తల్లి సువార్తమ్మకు వేరే దిగులు. ఎదురింటి మొగిలమ్మ కూతురి పెళ్లి ఆ రోజే. స్టీలు బకెట్లు, అన్నం వండే పెద్ద గంజు అడిగితే కాదనలేకపోయింది. కిందటి పెళ్లికి పోయిన బేసిన్ ఇంతవరకూ ఇల్లు చేరలేదు. గిన్నెల మీద పేర్లు కొట్టే యాకయ్య ఊళ్లో లేడు. గంజు పోతుంది, కొడుకు కోప్పడతాడు, తనకు బీపీ పెరుగుతుంది, దవాఖానలో మంచం దొరకదు. ఇదంతా ఆమెకు అప్పుడే కళ్లకు కట్టింది. చూస్తే టేబుల్ మీద కొడుకు పేరు అచ్చులో ఉండనే ఉంది. మైదా ఉడికించి ప్రతి గిన్నెకూ, మూతకూ, గరిటెకూ ఒక చీటీ అంటించింది. కట్ట అయిపోయింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని సామాను పంపించింది.

మధ్యాహ్నం వర్ధన్నపేట నుంచి వచ్చిన మగపెళ్లివారు బంతికి కూర్చున్నారు. వరుడి మేనత్త చిలుకమ్మ ముందుకు సాంబారు బకెట్ వచ్చింది. బకెట్ మీంచి గుడ్లగూబ ఆమెను చూసింది. అన్నం గంజు మీద ఇంకొకటి. గరిటె మీద కూడా.

“పెండ్లికి పిలిచి గుడ్లగూబ మొకం సూపిస్తాన్రా?” అంటూ ఆమె లేచింది. వెనకే బంతి మొత్తం లేచింది.

మొగిలమ్మ ఏడుస్తూ వచ్చి, “ఏందక్కా, మా మీద నీకింత పగనా?” అంది.

“నా గంజు నాకు రావాలెననే గదా చెల్లె అంటించిన” అంది సువార్తమ్మ. మగపెళ్లివారు బస్సెక్కితే పెళ్లిపిల్ల గతేమిటని ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది.

అప్పుడే రిక్షా వచ్చి ఆగింది. బకెట్ల మీద తన చీటీలు చూసి సుందర్ రావు గోరుతో ఒకదాన్ని గీకబోయాడు. పెద్దాయన మాత్రం బకెట్ చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లు మరిగించమన్నాడు. పాత పుస్తకాల్లోంచి ఊడదీసినట్టే ఆవిరి పట్టి ఒక్కొక్క చీటీ చిరగకుండా లేపాడు. అంటించి వాడినవాటికే తమలాంటివాళ్లలో విలువ ఎక్కువని, సాంబారు మరక ఉన్నది దేశంలో ఇంకెవరి దగ్గరా ఉండదని మురిసిపోయాడు. బదులుగా తన సంచిలోని మంచి చీటీలన్నీ సుందర్ రావు చేతిలో పెట్టాడు. గుడ్లగూబలు పోగానే చిలుకమ్మ మళ్లీ కూర్చుంది. సాంబారు రెండోసారి అడిగి మరీ పోయించుకుంది.

సాయంత్రానికి చీటీలన్నీ ఒక్కటి పోకుండా పెద్దాయన సంచిలో ఇల్లు చేరాయి. పేరు లేని గంజు మాత్రం ఇప్పటికీ రాలేదు.