ఒకవేళమ్మ పంటి మర

"ఒకవేళ అది ఊడి, గొంతులోకి జారి, ఊపిరితిత్తుల్లో పడితే?"

తల్లి ఈ ప్రశ్న వేసేసరికి ఇంకా పళ్ల ఆసుపత్రి కుర్చీలో నడుం కూడా వాల్చలేదు. ఎదురుగా మాస్కు కట్టుకుని నిలబడ్డ డాక్టరు సొంత కూతురే. ఇంప్లాంటు పన్ను పెట్టడం ఆ పిల్లకు ఇదే మొదటిసారి. తల్లి ఏ భయం చెప్పినా 'ఒకవేళ'తోనే మొదలుపెడుతుంది కాబట్టి, గడియారాలు బాగుచేసే భర్త ఆవిడకు ఒకవేళమ్మ అని పేరు పెట్టి పాతికేళ్లయింది.

"ఊడదమ్మా," అంది కూతురు. "ఎముకలో దించిన మర మూడు నెలల్లో గట్టిగా పట్టుకుంది. ఇవాళ దాని మీద ఈ చిన్న దిమ్మ బిగిస్తాను. రేపు పన్ను కూర్చునేది దీని మీదే. చిగురు దీని చుట్టూ చొక్కా కాలరులా అతుక్కోవాలి. మాటిమాటికీ విప్పి బిగిస్తే ఆ అతుకు తెగుతుంది, లోపలికి మురికి దిగుతుంది, కింద ఎముక తగ్గిపోతుంది. వేలు కూడా పెట్టకు."

"ఎవరు విప్పుతారే," అంది తల్లి నొచ్చుకుంటూ.

వారం తిరక్కుండానే ఆవిడ భర్త బల్ల ముందు తేలింది.

"ఏవండీ, ఒకవేళ పిల్ల సరిగ్గా బిగించలేదేమో. చిన్నప్పుడు నీళ్ల సీసా మూతే బిగించేది కాదు."

"దానికో కొలత ఉంటుందే. ఎంత తిప్పాలో చెప్పే పనిముట్టు ఉంది దాని దగ్గర."

"మీకంటే బాగా బిగిస్తుందా?"

ఆయన ఆ ఒక్క మాటకి పడిపోయాడు. నలభై ఏళ్లుగా చీమ తలంత మరలు తిప్పిన చెయ్యి మరి. రెండు రోజులు కూర్చుని పాత స్క్రూడ్రైవరు కొసను అరగదీసి, ఆ దిమ్మ గాడిలో సరిగ్గా పట్టేలా ఆరు పలకలు తేల్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

"ఉంటే ఉంది. ఒకవేళ మీరు విప్పడం వల్ల ఇప్పుడు వదులైతే?"

అందుకని మరుసటి ఆదివారం. ఆ పై ఆదివారం. గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు ఆవిడ దవడకి కీ ఇవ్వడం ఆ ఇంట్లో అలవాటైపోయింది. ఆఖరికి ఒక ఆదివారం రక్తం కనబడింది.

"నేను అనుకుంటూనే ఉన్నా," అంది తల్లి, కాస్త తృప్తిగా.

ఆ తృప్తి ఆసుపత్రిలో కూతురు ఎక్స్‌రే తీసేదాకానే. చిగురు ఉబ్బి దిమ్మను వదిలేసింది. మర చుట్టూ ఎముక అంచు కిందికి దిగింది.

"ఎవరైనా కదిపారా అమ్మా?"

"లేదే," అంది తల్లి. వెంట వచ్చిన భర్త అక్కడి గోడ గడియారాన్నీ చేతి వాచీనీ శ్రద్ధగా సరిపోల్చుకోసాగాడు.

"అయితే నా చేతిలోనే ఉంది లోపం." కూతురు ఫోను తీసి, తనకు చదువు చెప్పిన హెడ్మాస్టరుకి చేసింది. "మాస్టారూ, గురువారం మీ పన్ను నేను పెట్టలేను. ఇంకెవరికైనా చూపించుకోండి. మా అమ్మకే పాడుచేశాను. ఇక ఈ పని మానేస్తున్నా."

తల్లి తన జన్మలో పడని భయం లేదు. కానీ ఆ పిల్లకి తానే ఆపద కావడమనేది ఆ జాబితాలో ఎన్నడూ లేదు. తలెత్తలేకపోయింది.

"నీ చెయ్యి కాదు తల్లీ. నేనే మీ నాన్నతో విప్పించా. అయిదుసార్లు."

"ఆరు," అన్నాడు భర్త. జేబులోంచి తన పనిముట్టు తీసి, తళతళలాడే కూతురి పనిముట్ల పక్కన, దొంగిలించిన చెంచా తిరిగి పెట్టినట్టు పెట్టాడు.

కూతురు దాన్ని ఒకసారి తిప్పి చూసి, సొరుగులో వేసి తాళం పెట్టింది. చిగురు కడిగింది, మందు పెట్టింది. చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కుంది.

"మానడానికి ఎన్నాళ్లు పడుతుందే?" అంది తల్లి. ఆవిడ భయం ఒకవేళ లేకుండా బయటికి రావడం పాతికేళ్లలో అదే మొదటిసారి.

కుళాయి చుక్కలు చుక్కలుగా కారి ఆగింది. భర్త వాచీ టిక్కుటిక్కుమనడం కూడా సిగ్గుగా వినిపించింది. కూతురు చేతులు తుడుచుకుని, ఫోను తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది.

"చిగురుకి మూడు నెలలు. నా సంగతంటావా, ముందు మాస్టారికి ఫోన్ చేసి, ఎవరు విప్పారో నువ్వే చెప్పు."